చెస్టర్ గోడలో దొరికిన సమాధి రాళ్లు: చదవడం నేర్చుకున్న నా అనుభవం

ఆ శనివారం పొద్దున్నుంచీ ఒకటే వాన. తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి ఎక్కడికి తీసుకెళ్లాలో తోచక, మేముండే ఇంగ్లండ్‌లో చెస్టర్ అనే ఊళ్లోని గ్రోవ్‌నర్ మ్యూజియంలోకి దూరాం. టికెట్ లేదు, లోపల వెచ్చగా ఉంటుంది. అంతకు మించి కారణమేమీ లేదు.

చెస్టర్ ఒకప్పుడు రోమన్ సైన్యపు కోట. లోపల ఒక గది నిండా రోమన్ సమాధి రాళ్లే. శ్మశానంలో నిలబెట్టినట్టే వరుసగా నిలబెట్టారు. మావాడు నాలుగైదు రాళ్లు చూసి, "అమ్మా, వీళ్లందరూ పైన డీఎం అని ఎందుకు రాసుకున్నారు? మెసేజ్ పెట్టమనా?" అన్నాడు. నవ్వొచ్చింది కానీ జవాబు రాలేదు. పేర్లలోని మొదటి అక్షరాలేమో అనుకున్నాను. పక్క రాయి మీదా డి, ఎం. దాని పక్క రాయి మీదా అవే. అందరి పేర్లూ ఆ అక్షరాలతోనే మొదలు కావు కదా.

ఇంటికొచ్చి వంట చేసుకుంటూ ఫోన్‌లో వెతికితే తెలిసింది. డిస్ మానిబుస్, అంటే 'పితృదేవతలకు' అన్నమాట. అక్కడితో ఆపేసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. ఆపలేదు. ఆ తర్వాత ఎనిమిది నెలలు, వీలైనప్పుడల్లా, ఆ రాళ్ల దగ్గరికే వెళ్లాను.

మొదట చేసిన పని ఒక నోటుబుక్కు, పెన్సిలు తీసుకెళ్లి ఒక రాయి మీదున్నది ఉన్నట్టు దించుకోవడం. కెకిలియుస్ అవితుస్ అనే సైనికుడి రాయి అది. ఎడమ చేతిలో రాత పలకల పెట్టె, కుడి చేతిలో పొడవాటి కర్ర, ఒంటి మీద దుప్పటి లాంటి అంగీ. బొమ్మ కింద అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాలే కదా, ఏముంది అనుకున్నాను. తీరా చూస్తే పదానికీ పదానికీ మధ్య ఖాళీ లేదు. 'యు' ఉండాల్సిన చోట 'వి' ఉంది. ఎక్కడ విరిచినా ఏదో ఒక పదం అవుతున్నట్టే ఉంటుంది, ఏదీ అవదు. అర పేజీ రాసుకొచ్చి రాత్రంతా తల పట్టుకున్నాను.

తర్వాత డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో ఒక లాటిన్ కోర్సులో చేరాను. దాని పేరు చెప్పను. మూడు వారాలు అమ్మాయి రైతుకు గులాబీ ఇస్తూనే ఉంది, రైతు అమ్మాయికి నీళ్లు ఇస్తూనే ఉన్నాడు. సమాధి రాయి దాకా ఎప్పుడొస్తామండీ అని అడిగితే రెండో సంవత్సరంలో చూద్దామన్నారు. మానేశాను. డబ్బు వెనక్కి రాలేదు.

అసలు కిటుకు వేరే ఉంది. ఈ రాళ్లు చదవడానికి లాటిన్ మొత్తం అక్కర్లేదు. మన శుభలేఖ గుర్తు తెచ్చుకోండి. 'చి.ల.సౌ.' అని చూడగానే పెళ్లికూతురి పేరు వస్తోందని మనకు తెలుస్తుంది. 'కీ.శే.' కనిపిస్తే ఆ పెద్దాయన పోయారని తెలుస్తుంది. ఎవరూ విడమరిచి చెప్పరు, వరుస అలవాటైపోయి ఉంటుంది. రోమన్ సమాధి రాయీ అంతే. ముందు పితృదేవతలకు నమస్కారం, తర్వాత పేరు, ఊరు, ఉద్యోగం, ఎన్నేళ్లు కొలువు, ఎన్నేళ్లు బతుకు, చివర రాయి ఎవరు వేయించారు. పాతిక ముప్పై పొడి అక్షరాలు కంఠతా పడితే సగం రాళ్లు వాటంతటవే విడిపోతాయి. రాయిలో చోటు తక్కువ. పొడి అక్షరాలు వాడకేం చేస్తారు?

ఆ పట్టీ ఫ్రిజ్ మీద అంటించుకుని రెండు వారాల తర్వాత మళ్లీ అవితుస్ దగ్గరికి వెళ్లాను. ఈసారి ఆయన మాట్లాడాడు. ఊరు ఎమెరితా అవుగుస్తా, అంటే ఇప్పటి స్పెయిన్‌లోని మెరిడా. ఇరవయ్యో లెజియన్ (రోమన్ సైన్యంలో పెద్ద దళం) వలేరియా విక్ట్రిక్స్‌లో ఆప్టియో, అంటే దళాధిపతి సెంచూరియన్ కింద రెండో మనిషి. కొలువు 15 ఏళ్లు, ఆయుష్షు 34. ముప్పై నాలుగును మనం స్కూల్లో నేర్చుకున్నట్టు కాకుండా, మూడు ఎక్స్‌లు వేసి పక్కన నాలుగు గీతలు గీసేశారు. ముప్పై నాలుగులోంచి పదిహేను తీసేస్తే పందొమ్మిది. పందొమ్మిదేళ్ల కుర్రాడు ఎండల్లోంచి ఈ వాన ఊళ్లోకి వచ్చి పడ్డాడు. రాసేది ఆ రాత పలకల మీదేనేమో, కర్ర మాత్రం వరుసలు సరిచేయడానికి. మ్యూజియంలో ఆ లెక్క వేసుకున్నాక కాసేపు అక్కడే నిలబడిపోయాను. నేను ఇక్కడికి వచ్చినప్పుడు నాకు ఇరవై తొమ్మిది.

తప్పులు బోలెడు చేశాను. సెంచూరియన్ దళానికి వాడే గుర్తు అచ్చం మన ఏడు అంకెలా ఉంటుంది. దాన్ని చూసి 'ఏడేళ్లు' అని రాసుకుని, ఆయుష్షు లెక్క కుదరక గింజుకున్నాను. గయుస్ లోవేసియుస్ కదారుస్ అనే ఇంకో ఎమెరితా కుర్రాడి రాయి మీద కొలువు సంవత్సరాలకు రెండు గీతలు, వాటి పక్కన ఎక్స్ ఉంటే పన్నెండు అనుకున్నాను. కాదు, పదిలోంచి రెండు తీసేయాలి, ఎనిమిది. మనకు నేర్పిన పద్ధతి ఒక్కటే రోమన్ పద్ధతి కాదని అప్పుడు అర్థమైంది. ఆ కుర్రాడి ఆయుష్షు 25.

ఒక్క విషయంలో మాత్రం తెలుగు వాళ్లకు కాస్త కలిసొస్తుందని నా నమ్మకం. చోటు చాలనప్పుడు చెక్కేవాళ్లు రెండు మూడు అక్షరాలు కలిపేస్తారు. ఎన్ చివరి గీతకు టి తల తగిలిస్తారు, ఎ కాలుకు వి అతికిస్తారు. ఇంగ్లీషు వాళ్లు వీటిని చూసి బెదిరిపోతారు. గుణింతాలు, వత్తులు చదువుతూ పెరిగినవాళ్లకు ఇదో లెక్కా?

ఫోన్ టార్చి కూడా బాగా పనికొచ్చింది. మ్యూజియం వాళ్లను అడిగి, లైటు ఎదురుగా కాకుండా రాయికి ఓ పక్క నుంచి ఏటవాలుగా వేయించుకునేదాన్ని. అరిగిపోయిన గీతలో నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. లైటు పట్టుకునే డ్యూటీ మావాడిది.

రాసుకున్నది సరిచూసుకోవడానికి బ్రిటన్‌లోని రోమన్ శాసనాలన్నిటికీ నంబర్లిచ్చి పెట్టిన సంకలనం ఉంది. కాలింగ్‌వుడ్, రైట్ అనే ఇద్దరి పేర్ల మీద మొదటి సంపుటం 1965లో వచ్చింది, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితం. అందులో గుండ్రటి బ్రాకెట్లు, చదరపు బ్రాకెట్లు ఉంటాయి. గుండ్రటివి పొడి అక్షరాలను విప్పి రాసినవి. చదరపువి రాయి పగిలి పోయిన అక్షరాలు, పండితులు ఊహించి పూరించినవి. మొదట్లో ఈ తేడా పట్టించుకోకుండా అంతా రాయి మీదే ఉందన్నట్టు మా ఆయనకు వర్ణించి చెప్పేదాన్ని. తర్వాత ఒక్కో బ్రాకెట్టు చూసి నాలుక కరుచుకున్నాను.

ఇంతలో మా మామయ్యగారు ఆరు నెలల వీసా మీద వచ్చారు. ఆయన రిటైర్డ్ సర్వేయర్. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ముప్పై ఏళ్లు గొలుసు పట్టుకుని పొలాలు కొలిచిన మనిషి. చలికి ఇంట్లోంచి కదలరని అనుకున్నాను, కానీ రాళ్లు అనగానే మఫ్లర్ చుట్టుకుని బయల్దేరారు. నేను ఉత్సాహంగా అవితుస్ కథంతా చెప్పాను. ఆయన అంతా విని ఒకటే అడిగారు.

"బాగుందమ్మాయ్. ఈ రాయి ఎక్కడ పాతారు? ఎక్కడ దొరికింది?"

"గోడలో దొరికిందట మామయ్యగారూ."

"గోడలో మనిషిని పాతరు కదా. దొరికిన చోటు వేరు, పాతిన చోటు వేరు. హద్దు రాయి పీకి ఇంకోచోట పడేస్తే అది రాయే గానీ హద్దు కాదు. ముందు ఆ సంగతి చూడు."

ఆరు నెలలుగా అక్షరాల మీద పడి ఉన్నాను గానీ, ఈ ప్రశ్న నాకు తట్టలేదు.

మర్నాడు ముగ్గురం ఊరి గోడ ఎక్కాం. చెస్టర్ చుట్టూ రాతి గోడ ఇప్పటికీ ఉంది, పైన నడిచి రావచ్చు, మొత్తం రెండు మైళ్లు. నార్త్‌గేట్ దాటాక గోడ కింద లోతుగా కాలువ కనబడుతుంది, పద్దెనిమిదో శతాబ్దంలో తవ్వింది. అక్కడే, గోడ అడుగు వరుసల్లో, 1883 నుంచి 1892 దాకా మరమ్మతులు జరిగినప్పుడు ఈ రాళ్లు బయటపడ్డాయి. ఒకటీ రెండూ కాదు, చెక్కినవీ రాసినవీ కలిపి వందకు పైనే. అసలు ఆ గోడ రోమన్లదేనా కాదా అని అప్పట్లో పెద్ద గొడవే నడిచింది. హావర్‌ఫీల్డ్ అనే పండితుడు 1900లో వీటికి క్యాటలాగ్ అచ్చువేశాడు.

రోమన్ల కాలం చివర్లో గోడ బలహీనపడి మళ్లీ కట్టాల్సి వచ్చింది. కొత్త రాయి తవ్వి తేవడం కన్నా, చెక్కి సిద్ధంగా ఉన్న సమాధి రాళ్లు పీక్కొచ్చి పేర్చడం తేలిక. అప్పటికి వాటిలో చాలా రాళ్లు నూట యాభై, రెండు వందల ఏళ్ల పాతవి. ఆ కుటుంబాలు ఎక్కడున్నాయో ఎవరికి తెలుసు? పితృదేవతలకు అంకితమిచ్చిన రాయిని పునాదిలో పెట్టడానికి చేతులెలా వచ్చాయి అని మొదట నాకు కోపం వచ్చింది. కానీ ఆ పని చేయకపోతే ఇవాళ మనకు అవితుస్ లేడు. ఇది ఇసుకరాయి. గోళ్లతో గీకినా రాలేలా ఉంటుంది. ఎండకూ వానకూ వదిలేస్తే మొహాలన్నీ ఎప్పుడో చెరిగిపోయేవి.

మరి అసలు శ్మశానం ఎక్కడుంది? ఊరి లోపల శవాన్ని పాతకూడదనీ కాల్చకూడదనీ రోమన్ల పాత చట్టం. కాబట్టి కోట బయట, రోడ్ల వెంబడి. పడమటి వైపు ఇన్‌ఫర్మరీ ఫీల్డ్ అనే చోట 1912 నుంచి 1917 మధ్య న్యూస్టెడ్ అనే పరిశోధకుడు తవ్వకాలు జరిపితే సమాధులు వరుసగా బయటపడ్డాయి. అక్కడ మనుషులు దొరికారు. ఇక్కడ గోడలో దొరికినవాళ్లకేమో పేరుంది, వయసుంది, ఊరుంది, కింద మనిషి లేడు. ఏ రాయి ఏ గోతి మీదదో ఇక ఎవరూ జత కలపలేరు. "ఎఫ్ఎంబీ పోయిన ఊరు" అన్నారు మామయ్యగారు. పొలాల కొలతలు, పటాలు ఉండే సర్వే పుస్తకం అది.

పటం పోయింది సరే, రాళ్లలో మిగిలిందేమిటని మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఒక్కో మనిషి కథ కాకుండా, అన్నీ పక్కపక్కన పెట్టి.

ముందు కాలం. మొదటి రాళ్ల మీద 'పితృదేవతలకు' ఉండదు. మనిషి పేరుతోనే మొదలవుతుంది, తండ్రి పేరు, తెగ పేరు, ఊరు వరసగా వస్తాయి. తెగ అంటే గోత్రం అనుకునేరు, కాదు. రోమ్ పౌరుడు ఓటు వేయడానికి ఏ గుంపులో నమోదయ్యాడో అది. ఓటరు లిస్టులో వార్డు లాంటిది. ఎమెరితా వాళ్లది పపీరియా. డి, ఎం అక్షరాలు తర్వాత వచ్చిన అలవాటు. ఇంకో ఆనవాలు లెజియన్ పేరు. ఈ కోట క్రీ.శ. 70ల్లో మొదలైంది. మ్యూజియంలోనే ఉన్న సీసపు నీటి గొట్టాల మీద 79వ సంవత్సరానికి సరిపోయే రాత ఉంది. మొదట ఇక్కడున్నది రెండో లెజియన్ అడియూట్రిక్స్. దాన్ని 87 ప్రాంతంలో డాన్యూబ్ నది వైపు తరలించారు. ఆ తర్వాతే ఇరవయ్యోది వచ్చింది. అంటే థ్రేస్‌లోని ఆప్రి నుంచి వచ్చిన కల్వెంతియుస్ కెలెర్ లాంటి రెండో లెజియన్ సైనికుడి రాయి, తేదీ వేయకపోయినా, ఆ పది పదిహేనేళ్లలోదే.

తర్వాత రాయి వేయించింది ఎవరు. సైనికుల రాళ్ల మీద చివర హెచ్, ఎఫ్, సి అనే మూడక్షరాలు మాటిమాటికీ వస్తాయి. 'వారసుడు చేయించాడు' అని. కదారుస్‌కు చేయించింది ఫ్రొంతినియుస్ అక్విలో. తండ్రి కాదు, భార్య కాదు, వారసుడు. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి కాలం దాకా, అంటే దాదాపు 200వ సంవత్సరం దాకా, మామూలు సైనికుడికి కొలువులో ఉండగా చట్టబద్ధమైన పెళ్లి లేదు. పాతికేళ్లకు పోయిన కుర్రాడి వెనక నిలబడటానికి బ్యారక్ స్నేహితుడో ఎవరో ఉండి ఉంటాడు. అది నా ఊహ. రాయి మీద మాత్రం 'వారసుడు' అనే ఉంది.

ఆడవాళ్లూ ఉన్నారు. కురాతియా దినీసియా అనే ఆవిడ మంచం మీద పక్కకు ఒరిగి, చేతిలో పానపాత్రతో దర్జాగా కనబడుతుంది. నలభై ఏళ్లు బతికింది. ఈ నలభై, యాభైలు చూసి మోసపోకూడదని తర్వాత తెలిసింది. రోమన్ రాళ్ల మీద అయిదుతో భాగించబడే వయసులు మామూలుగా రావాల్సినదానికన్నా చాలా ఎక్కువ వస్తాయి. చాలామందికి పుట్టిన ఏడు తెలియదు. మా నాయనమ్మ ఎప్పుడడిగినా "అరవై ఉంటాయిలే" అన్నట్టే. పేరు కూడా 'దియోనీసియా' ఉండాలి, ఒక అక్షరం మింగేశారు. పలికినట్టు రాశారేమో.

పిల్లల రాళ్ల దగ్గర నా నోటుబుక్కు నెమ్మదించింది. ఒక రాయి మీద ముగ్గురి పేర్లు: అతిలియానుస్, అంతియతిలియానుస్, ఇద్దరికీ పదేళ్లు, ప్రోతుస్, పన్నెండేళ్లు. మొదటి ఇద్దరూ కవలలై ఉంటారు, పేర్లు చూస్తేనే తెలుస్తోంది. కింద 'యజమాని పొంపేయుస్ ఒప్తాతుస్ చేయించాడు' అని ఉంది. యజమాని. ముగ్గురూ బానిసలు. ముగ్గురూ ఒకే రాయి కిందికి ఎలా చేరారో రాయి చెప్పదు. మావాడికి అప్పుడు తొమ్మిది దాటి పది వస్తోంది. "వీళ్లు మా క్లాసే" అన్నాడు లైటు పట్టుకుని.

ఇంకో రాయిని తెలుగులో రాసుకుంటుంటే గమ్మత్తైన చిక్కు వచ్చింది. కల్లిమోర్ఫుస్, 42 ఏళ్లు; సెరాపియోన్, మూడేళ్ల ఆరు నెలలు. చేయించింది థేసేయుస్, తన ఫ్రాతెర్‌కూ కొడుక్కూ. ఫ్రాతెర్ అంటే అన్నా, తమ్ముడా? లాటిన్‌కు అక్కర్లేదు. తెలుగులో తేల్చకుండా ముందుకు పోలేను. 'సోదరుడు' అని రాసి తప్పించుకున్నాను. "ఇంట్లో ఎవరైనా అలా అంటారా" అని మామయ్యగారు నవ్వారు. ఇవన్నీ గ్రీకు పేర్లు, పిల్లవాడి పేరులో ఈజిప్టు దేవుడు సెరాపిస్. ఇంగ్లండ్ వాయవ్య మూలన, కోట పక్కన, అలాంటి కుటుంబం ఒకటి ఉండేదన్నమాట.

అయితే ఇది ఊళ్లో చచ్చిపోయినవాళ్ల జాబితా అనుకుంటే పొరపాటు. రాయి కొని, చెక్కించి, రంగులు వేయించగలిగినవాళ్ల జాబితా. అవును, వీటికి రంగులుండేవి. ఇప్పుడు కనిపించే ఇటుక రంగు రాయి కాదు వాళ్లు చూసింది.

అన్నిటికన్నా ఎక్కువసేపు నేను నిలబడిన రాళ్లు రెండు. ఒకటి మార్కుస్ ఔరేలియుస్ నెపోస్ అనే సెంచూరియన్‌ది. ఆయనా, పక్కన భార్యా. ఆవిడ బొమ్మ కాస్త చిన్నది. ఆయన కింద రాత ఉంది: యాభై ఏళ్లు బతికాడు, ఎంతో భక్తి గల భార్య చేయించింది. ఆవిడ కింద చోటు ఖాళీ. తన బొమ్మ ముందే చెక్కించుకుంది, తను పోయాక పేరు చెక్కిస్తారని చోటు వదిలింది. ఎవరూ చెక్కించలేదు. మళ్లీ పెళ్లి చేసుకుందో, ఊరు వదిలిందో, పిల్లలు పట్టించుకోలేదో. రాయి ఖర్చంతా పెట్టిన మనిషి పేరే రాయి మీద లేదు.

రెండోది చూడటానికి ఏమీ బాగుండదు. పై భాగం విరిగిపోయింది, బొమ్మ లేదు. మిగిలిన వరుసల్లో ఉన్నది ఇది: లూకిలియుస్ ఇంగెనుయుస్ దళంలో, సెంచూరియన్ పదవి ఆశతో ఎదురుచూస్తున్న ఆప్టియో, ఓడ మునిగి చనిపోయాడు. పై అధికారి పేరు నిలిచింది, పోయినవాడి పేరు విరిగిన ముక్కతో పోయింది. 'ఆశ' అన్నది నా మాట కాదు, ఆ హోదాకు లాటిన్‌లో అదే పేరు.

చివరి వరుసలో రావాల్సింది హెచ్, ఎస్, ఇ. 'ఇక్కడ ఉన్నాడు' అని. ఆ పొడి అక్షరాలు నాకు అప్పటికి నిద్రలో కూడా వచ్చేవి. రాసుకుంటూ పోయి, అలవాటుగా మూడూ రాసేశాను. ఇంటికొచ్చి సరిచూస్తే సంకలనంలో రెండే ఉన్నాయి. మర్నాడు మళ్లీ వెళ్లి లైటు వేయించాను. ఎస్ ఉంది, ఇ ఉంది. వాటి ముందు ఒక అక్షరం పట్టేంత చోటు ఉంది, అందులో ఉలి తగల్లేదు. 'ఇక్కడ' అనే మాటకు నిలబడే అక్షరం అది. శవం దొరకలేదు కాబట్టి చెక్కలేదనీ, సముద్రం ఎప్పటికైనా ఒడ్డుకు చేరిస్తే చెక్కుదామని చోటు వదిలారనీ పండితులు చెబుతారు.

మామయ్యగారు చాలాసేపు చూశారు. "చెక్కినవాడు నిజాయితీపరుడు" అన్నారు. సర్వేయర్ మాట.

ఆ సాయంత్రం నోటుబుక్కులో నేను రాసిన హెచ్‌ను రబ్బరుతో చెరిపాను. గట్టిగా నొక్కి రాసినట్టున్నాను, పేజీని లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే ఇంకా కనిపిస్తోంది. మావాడు చూసి, "అమ్మా, వాళ్లు వదిలేశారు కదా, నువ్వెందుకు రాశావు?" అన్నాడు. అలవాటురా అన్నాను.